కొండ చాటు మాట

లేహ్ దాకా విమానంలో వెళ్లి, అక్కణ్ణుంచి ద్రాస్‌కు కిందికి దిగుదామన్నాను. సుబేదారు బావగారు ఒప్పుకోలేదు. "విమానంలోంచి చూస్తే కొండలు పటంలో గీసినట్టుంటాయండి. రేడియో సెట్టు ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ మూగబోతుందో తెలియాలంటే జోజి లా కనుమ మీదుగానే పోవాలి" అన్నారు. ఆయనది తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. మిలిటరీ మాధవరం అంటేనే బయటివాళ్లు గుర్తుపడతారు. పదాతి దళంలో రేడియో ఆపరేటరుగా చేరి, సుబేదారుగా పెన్షను మీద వచ్చారు. మా వదిన గారికి అన్న. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్లూ రేడియోల లోపల నడిచే ప్రోగ్రాములు రాశాను. గాలిలోంచి వచ్చిన అలను అంకెలుగా మార్చి, ఆ అంకెల్లోంచి మనిషి మాటను మళ్లీ బయటికి తీయడం నా పని. ఆయన వీపున మోసిన పెట్టె లోపల ఏముంటుందో నాకు తెలుసు. దాన్ని మోసుకెళ్లిన చోటు ఎలా ఉంటుందో చూడలేదు. ఇప్పుడు ఆ పెట్టె సాఫ్ట్‌వేర్ రేడియోగా మారి అరచేతిలోకి వస్తున్న కాలం. అది ఏ నేల మీద నిలబడి పలకాలో ఒకసారి చూసి రావాలనిపించింది.

శ్రీనగర్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరాం. 2025 సెప్టెంబరు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కశ్మీరులో జరిగిన ఉగ్రదాడి, మేలో పాకిస్తాన్‌తో జరిగిన పోరు, వాటి బరువు ఇంకా తగ్గలేదు. రోడ్డు మీద యాత్రికుల బళ్లకంటే సైన్యం లారీలే ఎక్కువ కనబడ్డాయి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ము ఇక్కడ పనిచేయదు కాబట్టి బావగారి ఫోను విమానం దిగినప్పటి నుంచీ జేబులో బరువే. నాకు హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది గానీ సెట్టును ఇంట్లోనే ఉంచాను. నియంత్రణ రేఖ దరిదాపుల్లో పౌరులు ప్రసార పరికరాలు పట్టుకు తిరగకూడదు. వినడానికి మాత్రం ఒక చిన్న ట్రాన్సిస్టరు వెంట తెచ్చుకున్నాను. కొండల్ని కొలవడానికి నాకున్న సాధనం అదొక్కటే.

గాందర్బల్ దాకా ఎఫ్ఎం చక్కగా పలికింది. కంగన్ దాటి సింద్ లోయ ఇరుకయ్యేకొద్దీ మలుపు మలుపుకీ పాట తెగిపోవడం, మళ్లీ అందుకోవడం. గుండ్ దగ్గర పూర్తిగా పోయింది. మీట మీడియం వేవ్‌కు తిప్పితే శ్రీనగర్ ఆకాశవాణిలో కశ్మీరీ మాటలు గరగరల మధ్య వినబడుతూనే ఉన్నాయి. స్టేషన్ల శక్తిలో తేడా ఉంటుంది, నిజమే. కానీ అసలు కారణం అల పొడవు. ఎఫ్ఎం అల మూడు మీటర్లు. మీడియం వేవ్ అల వందల మీటర్లు. పొడవాటి అల కొండ అంచు దగ్గర వంగి, అవతలి నీడలోకి ఎంతో కొంత దిగుతుంది. పొట్టి అల సరిగా వంగదు. గుట్ట నీడ దట్టంగా ఉన్నచోట పౌనఃపున్యాన్ని పది రెట్లు పెంచితే, అందే శక్తి ఇంకా పదో వంతుకు పడిపోతుంది. ఈ లెక్కను కుర్రవాళ్లకు బోర్డు మీద ఎన్నోసార్లు చేసి చూపించాను. గుండ్ దాటాక దాన్ని చెవితో విన్నాను.

పదాతి దళం రేడియో కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది. 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీ కాలిబంటుకు చిరకాల నేస్తం. అక్కడ అలలు మూడున్నర నుంచి పది మీటర్ల పొడవుంటాయి, అడవినీ గుట్టనీ కొంతవరకు తట్టుకుంటాయి. కానీ ఆ పట్టీ ఇరుకు. మాట పడుతుంది, పటం, ఫోటో, డ్రోను చూపించే దృశ్యం పట్టవు. అవి పంపాలంటే వందల మెగాహెర్ట్జ్‌కు, ఒక్కోసారి గిగాహెర్ట్జ్ పైకి ఎక్కాలి. అక్కడ చోటుకు కొదవ లేదు, కొండ అడ్డొస్తే మాత్రం కథ ముగిసినట్టే. పాత సెట్లలో సర్క్యూటును ఒక్కో పట్టీకి, ఒక్కో తరహా ప్రసారానికి తగ్గట్టు కట్టేసేవారు. రెండు పనులు కావాలంటే రెండు సెట్లు మోయాలి. సాఫ్ట్‌వేర్ రేడియోలో యాంటెన్నా పట్టిన అలను వీలైనంత త్వరగా అంకెలుగా మార్చేస్తారు. వడకట్టడం, మాటను విడదీయడం, గుప్తలిపి విప్పడం, తప్పులు దిద్దడం అన్నీ ఆపైన ప్రోగ్రామే చూసుకుంటుంది. 1990ల మొదట్లో జోసెఫ్ మిటోలా అనే అమెరికన్ ఇంజనీరు ఈ ఊహకు సాఫ్ట్‌వేర్ రేడియో అని పేరు పెట్టారు. ఆ ప్రోగ్రామును మా వృత్తిలో వేవ్‌ఫామ్ అంటాం. అది మారిస్తే అదే పెట్టె ఇంకో రేడియో అవుతుంది. పొద్దున కొండ చాటున మాట కోసం తక్కువ పట్టీలో నడిచిన సెట్టే, మధ్యాహ్నం ఎదురెదురు శిఖరాల మధ్య దృశ్యాన్ని మోయగలదు.

గగన్‌గీర్ దగ్గర కొత్త సొరంగం. 2025 జనవరి 13న తెరిచారు, ఆరున్నర కిలోమీటర్లు. లోపలికి వెళ్లగానే ఎఫ్ఎంతో పాటు మీడియం వేవ్ కూడా ఆగిపోయింది. సోన్‌మార్గ్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల మీంచి తెలుగు వినబడింది. జోజి లా కింద పదమూడు కిలోమీటర్ల పెద్ద సొరంగం తవ్వుతున్నది హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగే. ఆ పనిలో ఉన్న శ్రీకాకుళం కుర్రాడు సెలవు మీద కిందికి వచ్చాడట. "లోపల వాకీటాకీ మలుపు తిరిగితే పలకదు సార్. ఎవుడో ఒకడు మలుపు కాడ నిలబడి ఇటు మాట అటు చెప్పాల" అన్నాడు. బావగారు అతని భుజం తట్టి, "మేం ముప్పై ఏళ్లు చేసింది అదే బాబూ" అన్నారు.

బాల్తాల్ నుంచి రోడ్డు నిటారుగా లేస్తుంది. ఒక పక్క రాయి, రెండో పక్క లోయ. కనుమ ఎత్తు 11,575 అడుగులు. 1948 నవంబరు 1న జనరల్ తిమ్మయ్య ఇక్కడికి స్టువర్ట్ ట్యాంకులు ఎక్కించి, కనుమను తిరిగి సంపాదించారు. అంత ఎత్తున ట్యాంకు కనబడుతుందని అవతలివాళ్లు కలలోనైనా అనుకోలేదు. కనుమ దాటితే లోకమే మారిపోతుంది. పచ్చదనం, దేవదారు చెట్లు వెనకనే ఉండిపోయాయి. గుమ్రి, మీనామార్గ్, మతాయన్ వరుసగా వస్తాయి. కొండలు బోడివి, రంగు రంగులవి. గాలి పల్చబడి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ట్రాన్సిస్టరులో శ్రీనగర్ పూర్తిగా మునిగిపోయింది.

మతాయన్ దాటాక బావగారు బండి ఆపించారు. రోడ్డు పక్కన ఒక నాలా కొండల్లోకి చీలిపోతోంది. అందులోకి కాస్త దూరం దిగి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, ఆ మెట్టలో మేకపిల్లలా దిగారు.

"ఇక్కడున్నాననుకోండి. మన పోస్టు ఈ కొండ వీపు మీద, నాలుగొందల మీటర్ల పైన ఉంది. నేను పిలిస్తే వాడికి వినబడదు. మధ్యలో ఈ బండ ఉంది కదండీ. అదిగో, ఎదురుగా ఆ కొండ చూడండి. పది, పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడున్నవాడికి నా గొంతు చెవి దగ్గర చెప్పినట్టు వినబడుతుంది. ఆ కొండ మనదైతే పర్వాలేదు."

నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మైదానంలో రేడియో అంటే దూరంతో లెక్క: దగ్గరివాడికి బాగా, దూరపువాడికి తక్కువ. ఈ కొండల్లో ఆ వరస తలకిందులు. మనవాడు మన వీపునున్న గుట్ట వెనకాల ఉంటాడు. శత్రువు ఎదురు వాలు మీద ఉంటాడు. మధ్య గాలి తప్ప అడ్డేమీ లేదు. మన మాట మనవాడి కంటే ముందు అతనికే చేరుతుంది. రేడియో సాఫ్ట్‌వేరు రాసేటప్పుడు మా ముందు రెండు వేర్వేరు ఫైళ్లుండేవి. మాట ఎంత దూరం చేరాలన్నది ఒకటి, మాట ఎంత గుట్టుగా ఉండాలన్నది రెండోది. వాటి మీద వేర్వేరు బృందాలు పనిచేసేవి. ఈ నాలాలో నిలబడితే అవి రెండూ ఒకే అవసరం. చేరాలంటే ఎవరో ఒకరు ఎత్తున నిలబడి అందించాలి, ఎత్తున నిలబడితే లోకమంతా వింటుంది.

బండెక్కాక బావగారు తన మొదటి సెట్టు సంగతి చెప్పారు. ఏఎన్ పీఆర్‌సీ-25. అమెరికా సైన్యం వియత్నాంలో వాడినది, మన దగ్గరా చాలా కాలం నడిచింది. బరువు పది కిలోలు, ఛానళ్లు 920, ప్రసార శక్తి రెండు వాట్ల లోపు. లోపలంతా ట్రాన్సిస్టర్లే, చివర ప్రసారం చేసే చోట మాత్రం ఒక్క వాల్వు. "యాంటెన్నా తల పైకి లేచి ఉంటుందండి. దాన్ని చూసి గురి పెట్టేవాళ్లు. పక్కన నడిచేవాడు ఆఫీసరని కూడా దానివల్లే తెలిసిపోయేది. అందుకే వంచి చేత్తో పట్టుకునేవాణ్ణి. వంచితే మాట పోదు, నిలబెడితే మనిషి పోతాడు." ఆ కొలతకు కారణముంది. తక్కువ పట్టీలో యాంటెన్నా పొడుగ్గా ఉండక తప్పదు. యాభై మెగాహెర్ట్జ్‌కు పావు అల అంటేనే మీటరున్నర. నాలుగు వందలకు పోతే జానెడు సరిపోతుంది. సైనికుడు తల దించుకుని నడవాలంటే ఎక్కువ పౌనఃపున్యం కావాలి, కొండ చాటుకు వినబడాలంటే తక్కువ కావాలి. ఏ ఇంజనీరూ ఈ పేచీని తీర్చలేడు. ఏ క్షణాన ఏది కావాలో ఎంచుకునే వీలును మాత్రం సెట్టుకు ఇవ్వగలడు.

ద్రాస్ చిన్న ఊరు. షీనా మాట్లాడే జనం, బార్లీ చేలు, మీద తోలోలింగ్. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కనే కార్గిల్ యుద్ధ స్మారకం. పటాల్లో ఎన్నిసార్లు చూసినా ఆ దగ్గరతనం ఊహకు అందలేదు. రోడ్డు మీద నిలబడి తల ఎత్తితే తోలోలింగ్ శిఖరం మెడ మీద కూర్చున్నట్టుంది. 1999 మేలో అక్కడ కూర్చున్న పాకిస్తానీల దగ్గర దుర్భిణి, రేడియో ఉంటే చాలు: కింద నడిచే ప్రతి లారీనీ చూసి, వెనకనున్న ఫిరంగులకు చెప్పి, గుండు ఎక్కడ పడాలో దిద్దించవచ్చు. శ్రీనగర్-లేహ్ రహదారిని ఆ యుద్ధంలో నొక్కి పట్టిన సాధనాల్లో రేడియో కూడా ఒకటి. చాలా మొహమాటంగా మాత్రమే ఈ మాట చరిత్రల్లోకి వస్తుంది. ఫిరంగులకు దొరికిన పేరు దానికి దొరకలేదు.

స్మారకం దగ్గర డ్యూటీలో ఉన్న జవాను కొండల వైపు చెయ్యి చూపిస్తూ వచ్చినవాళ్లకు యుద్ధం కథ చెప్తాడు. జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ తోలోలింగ్‌ను గెలిచిన తీరు, జులై 4న టైగర్ హిల్. గులాబీ రంగు రాతిగోడ మీద ఆ యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు. మేజర్ పద్మపాణి ఆచార్య పేరు దగ్గర మేమిద్దరం ఆగాం. ఒడియా కుటుంబం, హైదరాబాదులో స్థిరపడ్డారు, ఆయన ఉస్మానియాలో చదువుకున్నారు. 1999 జూన్ 28న ఇదే కొండల్లో నోల్ అనే గుట్ట మీద పోయారు. ముప్పయ్యేళ్లు నిండి వారమే అయింది. మహావీర చక్ర. బావగారు బూట్లు దగ్గరికి చేర్చి సెల్యూట్ చేశారు. నేను చేతులు జోడించాను.

తర్వాత జవాను పాయింట్ 5140 కథ ఎత్తుకున్నాడు. జూన్ 20 తెల్లవారకముందు 13 జమ్మూకశ్మీర్ రైఫిల్స్ దాన్ని పట్టుకుంది. కెప్టెన్ విక్రమ్ బాత్రా గెలుపు సంకేతంగా రేడియోలో తన కమాండరు లెఫ్టినెంట్ కల్నల్ వై.కె. జోషికి పంపిన మాట, ఒక శీతల పానీయం ప్రకటనలోది, దేశమంతా మారుమోగింది. రెండో కంపెనీని నడిపిన కెప్టెన్ సంజీవ్ జామ్వాల్‌ది ఇంకో సంకేతం. ఆ కథలో నన్ను పట్టి ఆపేది వేరే చోటు. బాత్రా కాల్‌సైన్, అంటే రేడియోలో పిలుపు పేరు, షేర్‌షా. ఆయన ఎక్కుతుండగా పాకిస్తానీలు మన రేడియో నెట్‌లోకే చొరబడి, ఆ పేరుతోనే పిలిచి, వెనక్కి తిరిగి వెళ్లవని బెదిరించారని చెప్తారు. బాత్రా ధైర్యంగా బదులిచ్చారు. ఆ ధైర్యానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఎత్తు మీదున్న శత్రువు చేతిలో మన పౌనఃపున్యం, మన కాల్‌సైను, అంటే మనం ఎప్పుడు కదులుతున్నామో తెలుసుకునే తాళం చెవి ఉందన్నమాట. కుర్రవాళ్లు గుండె ధైర్యంతో పూడ్చుకున్న ఆ లోటు మా వృత్తి తీర్చాల్సింది. బాత్రా జులై 7న పాయింట్ 4875 మీద ప్రాణమిచ్చారు.

ఆ సాయంత్రం ద్రాస్‌లో, ఒక ఇంటి మేడ గదిలో, నూనె పొయ్యి పక్కన కూర్చుని మేం మాట్లాడుకున్నదంతా ఆ లోటు గురించే. ఈ ఊళ్లో చలికాలం ఒకసారి మైనస్ 60కి దిగిందని చెప్పుకుంటారు. సెప్టెంబరు రాత్రికే దుప్పటి మీద దుప్పటి కావలసి వచ్చింది.

నేను ఆయనకు సాఫ్ట్‌వేర్ రేడియో గుట్టును ఎలా దాస్తుందో చెప్పాను. సెట్లు ఒక పౌనఃపున్యం మీద నిలకడగా ఉండవు. సెకనుకు వంద సార్లకు పైగా చోటు మారుస్తూ గెంతుతాయి. ఏ క్షణాన ఎక్కడికి గెంతాలో నెట్‌లో ఉన్నవాళ్లకే తెలుసు. మాట కూడా గుప్తలిపిలో ఉంటుంది కాబట్టి ఒక ముక్క చిక్కినా అర్థం కాదు. చిన్న చిన్న తునకలుగా, అవసరమైనంత శక్తితోనే పంపితే, ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి పట్టుకోవడమూ కష్టం. ఇదంతా నడవాలంటే సెట్లన్నిటి గడియారాలూ ఒక్క తాళానికి నడవాలి. గుడారంలో పది డిగ్రీల వెచ్చదనంలోంచి తీసి, బయట మైనస్ ముప్పైలోకి తెచ్చిన సెట్టులో స్ఫటికం లయ కాస్త మారుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు సరిదిద్దే ఏర్పాటు సెట్టులో ఉండాలి, ఉపగ్రహాల సమయం అందనప్పుడు కూడా. ఆయన శ్రద్ధగా విని, ఒక్కటే అడిగారు.

"బ్యాటరీ?"

ముప్పై ఏళ్ల ఆపరేటరుకు అన్నిటికంటే ముందు గుర్తుకొచ్చేది అదే. పాత సెట్టు వింటూ ఊరుకుంటే కరెంటు పెద్దగా తినదు. సాఫ్ట్‌వేర్ సెట్టు మౌనంగా ఉన్నా లోపల లెక్కలు నడుస్తూనే ఉంటాయి. లిథియం బ్యాటరీ చలిలో శక్తి వదలడానికి మొరాయిస్తుంది. సున్నా కింద చార్జి చేస్తే లోపలి పొరే పాడవుతుంది. ఆపరేటర్లు బ్యాటరీని కోటు లోపల, ఒంటి వెచ్చదనానికి ఆనించి పడుకుంటారు. "రాత్రంతా బ్యాటరీని పొదుగుతామండి" అన్నారు బావగారు. చేతి తొడుగుల సంగతి ఎత్తారు. మందపాటి తొడుగులతో తిప్పగలిగిన పెద్ద మీటలున్న సెట్టు మనిషిని కాపాడుతుంది. తొడుగు తీసి తెర మీద వేలు పెట్టమన్న సెట్టు ఆ వేలును తీసుకుంటుంది. నేను ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. మా రంగంలో కొలతల పట్టికలన్నీ సెకనుకు ఎన్ని బిట్లు అన్న ప్రశ్నతో మొదలవుతాయి. ఈ గదిలో అది నాలుగో, అయిదో ప్రశ్న.

అమెరికా అనుభవం ఆయనకు చెప్పాను. 1997లో జేటీఆర్ఎస్ అనే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు. అన్ని దళాలకూ, అన్ని పాత రేడియోలతోనూ మాట్లాడగలిగే ఒకే కుటుంబం రేడియోలు కావాలన్నారు. కోరికలు పెరిగాయి, బరువూ వేడీ ఖర్చూ వాటితో పెరిగాయి. వాహనాల కోసం చేస్తున్న సెట్టును 2011లో రద్దు చేశారు. పదాతి సైనికుడి కోసం చేసిన రైఫిల్‌మ్యాన్ రేడియో మాత్రం నిలిచింది. కిలో లోపు బరువు, ఒక్క ఛానలు, మాట, తోటివాళ్లు ఎక్కడున్నారో చూపే చుక్కలు. అడిగింది తక్కువ కాబట్టి చేతికొచ్చిందని నా నమ్మకం. మన దగ్గర డెహ్రాడూన్‌లోని రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) ప్రయోగశాల డీల్, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి ఈ దారిలో చాలా కాలంగా నడుస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో నౌకాదళం కోసం ఎస్‌డీఆర్-టాక్ అనే సెట్లకు వెయ్యి కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం కుదిరింది. ఓడలో కరెంటుంటుంది, వేడి పోయే దారి ఉంటుంది, బరువును ఓడ మోస్తుంది. కాలిబంటుకు ఆ సదుపాయాలేవీ లేవు. అందుకే అతని సెట్టు ఆలస్యంగా రావడం నాకు ఆశ్చర్యం కలిగించదు, ఆలస్యమైనందుకు బాధ మాత్రం ఉంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రేడియోలో పెట్టె కంటే వేవ్‌ఫామే అసలు ఆస్తి. పెట్టె మనది, లోపలి ప్రోగ్రాము సీలు వేసి ఇంకొకరిచ్చింది అయితే, మనం ఎలా గెంతుతామో ఇంకొకరికి తెలుసు. తప్పు బయటపడ్డ రోజున దిద్దమని వాళ్లను అడుక్కోవాలి. సొంత వేవ్‌ఫామ్ చేతిలో ఉంటే, ద్రాస్‌లో ఆపరేటరు చెప్పిన లోపాన్ని కొత్త ప్రోగ్రాముగా మార్చి అదే సెట్టులోకి ఎక్కించవచ్చు. సెట్టు కొండ దిగి ఫ్యాక్టరీకి రానక్కర్లేదు. ఎదుటివాడు మన గెంతు వరసను కనిపెడితే, వరసే మార్చేయవచ్చు. ఈ వృత్తిలో నా జీవితం పెట్టింది ఈ ఒక్క వీలు కోసమే అనుకుంటాను.

మర్నాడు కార్గిల్ దారిలో బావగారు మళ్లీ బండి ఆపించి, పైనున్న ఒక కొండ వీపు వంపు చూపించారు. కొండ అక్కడ రెండు నాలాల మధ్యకు ముక్కులా పొడుచుకొచ్చింది. "రిలే పెట్టాలంటే అక్కడే. రెండు నాలాలూ, వెనకనున్న కంట్రోలు స్టేషనూ అక్కణ్ణుంచే కనబడతాయి. మూడు దిక్కులా గాలి, దాక్కోవడానికి రాయి ఉండదు. ఇలాంటి ముక్కు మీద రాత్రంతా కూర్చునేవాడు ఆపరేటరు. వాడు పోతే రెండు ప్లటూన్లూ మూగబోతాయి. ఎదుటివాడికీ ఆ సంగతి తెలుసు. మొదటి గుండు వాడికే." ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు. అలా కూర్చున్న తన స్నేహితుడి గురించి కాసేపటికి చెప్పారు. ఆ సంగతి ఆయనది, ఇక్కడ రాయను.

కొత్త సెట్లలో మానెట్ అనే ఏర్పాటు ఉంటుందని ఆయనకు విడమరిచి చెప్పాను. ప్రతి సెట్టూ తన మాట చెప్పడంతో పాటు పక్కవాడి మాటను కూడా అందిస్తుంది. బావి దగ్గర బిందెలు చేతులు మారినట్టు మాట మనిషి నుంచి మనిషికి పోతుంది, దారి ఎవరూ ముందుగా నిర్ణయించనక్కర్లేదు. ఒక సెట్టు ఆగిపోతే మాట ఇంకో దారి వెతుక్కుంటుంది. దీనికీ ఖరీదుంది. ఒకే ఛానలులో మూడు అంగలు వేస్తే వేగం ఇంచుమించు మూడో వంతు. ఒక్కో అంగకూ కాస్త ఆలస్యం. అందరూ అందరికోసం వినాలి కాబట్టి అందరి బ్యాటరీలూ కరుగుతాయి. అడ్డున్న బండ అడ్డుగానే ఉంటుంది, దాన్ని ఏ ప్రోగ్రామూ కరిగించలేదు. ఈ సెట్లను మైదానపు పరీక్షా స్థలాల్లో నెగ్గించి ఊరుకోకుండా ఈ నాలాల్లోకి, ఈ ముక్కుల మీదికి, జనవరిలో, తొడుగులేసుకున్న ఆపరేటర్ల చేతుల్లో పెట్టి చూడాలి. ఎన్ని అంగలకు మాట అర్థం కాకుండా పోతుందో వాళ్లు చెప్పాలి, మేం రాసుకోవాలి.

మేం ఇల్లు చేరిన కొద్ది వారాలకు, 2025 అక్టోబరులో, డీఆర్‌డీఓ రూపొందించిన స్వదేశీ సాఫ్ట్‌వేర్ రేడియోల కోసం సైన్యం భారత్ ఎలక్ట్రానిక్స్‌తో ఒప్పందం చేసుకుందని వార్త వచ్చింది. వాటిలో మానెట్ ఉంది. బావగారికి ఫోను చేసి చదివి వినిపించాను.

"అయితే ఆ ముక్కు మీద మనిషిని కూర్చోబెట్టక్కర్లేదాండీ?" అన్నారు.

"ఎవరో ఒకరు ఉండాలి బావగారూ. కాకపోతే నలుగురు నాలుగు చోట్ల ఉంటే చాలు, అందులో ఎవరు ఆగినా నెట్ నడుస్తుంది. అంతా ఒక్కడి మీద ఉండదు."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నట్టున్నారు. "నలుగురంటే బ్యాటరీలు ఎనిమిది. ఎవరు మోస్తారో ముందే రాసిపెట్టమనండి" అన్నారు.